తీరప్రాంత ఇనుప షెడ్లకు తుప్పు: అపోహలు, వాస్తవాలు

కృష్ణపట్నం నుంచి కొత్తపట్నం దాకా రొయ్యల చెరువుల షెడ్లు, ఐస్ ఫ్యాక్టరీలు, ఉప్పు కొఠార్లు చాలావరకు యాంగ్లర్లు (L ఆకారపు ఇనుప కమ్మీలు), చానళ్ల (C ఆకారపు కమ్మీలు) మీదే నిలబడ్డాయి. వాటి గురించి తరచూ వినిపించే మాటలివి.

అపోహ: "తుప్పు పైపైనే. లోపల ఇనుము గట్టిగానే ఉంది."

ఇనుము తుప్పుగా మారితే రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది. అందుకే తుప్పు మీద వెర్నియర్ (మందం కొలిచే సాధనం) పెట్టి కొలిస్తే 6 మి.మీ. ప్లేటు 8 మి.మీ. ఉన్నట్టు చూపి మోసం చేస్తుంది. సుత్తితో పెచ్చులు రాలగొట్టి, మెరిసే లోహం తేలాకే కొలవాలి. ఒకవైపే అందే చోట ధ్వని తరంగాలతో మందం కొలిచే అల్ట్రాసోనిక్ గేజీ వాడాలి.

50×50×6 యాంగ్లర్ రెండు వైపులా ఒక్కో మి.మీ. పోయి 4 మి.మీ. మిగిలిందంటే, లాగుడును తట్టుకునే బలంలో మూడో వంతు పోయినట్టే. అదే బేస్ ప్లేటు (స్తంభం అడుగున ఉండే పలక) అయితే ఇంకా దారుణం. ప్లేటు వంపు బలం మందం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మిగిలేది 44 శాతమే. నొక్కుడు భరించే సన్నటి కమ్మీలైతే విరగకముందే వంగిపోతాయి. జనరేటర్, కన్వేయర్ లాంటివి అదిరే చోట తుప్పు గుంటల అడుగున పగుళ్లు మొదలవుతాయి. సగటు మందం చూస్తే ఇవి బయటపడవు.

ముందుగా చూడాల్సింది స్తంభం మొదలు. కాంక్రీటు, ఇనుము కలిసే గీత దగ్గర నీరు నిలిచి, చుట్టూ కోసినట్టు తినేస్తుంది. నెల్లూరుకు భారత ప్రమాణాల ప్రకారం డిజైన్ లెక్కలకు ఆధారమయ్యే మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు. తుపాను గాలి రేకుల కప్పును పైకి లాగినప్పుడు ఆ లాగుడంతా ఈ గీతకూ, బేస్ బోల్టులకూ వస్తుంది.

అపోహ: "సముద్రం మాకు దూరం, ఉప్పుగాలి తగలదు."

చెరువు నీటికి గాలి అందించేందుకు తిరిగే ఏరియేటర్ చక్రాలే ఉప్పు తుంపరను గాలిలో కలుపుతాయి. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే చెమ్మ పీల్చి కరుగుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతమే చాలు. కాబట్టి వాన లేని రోజూ ఇనుము తడిగానే ఉంటుంది. వాన కడిగే వైపు కన్నా, వాన తగలని కప్పు అడుగున, పర్లిన్ల (రేకులను మోసే అడ్డకమ్మీల) మీద తుప్పు ఎక్కువ. అక్కడ ఉప్పును కడిగేవాళ్లు లేరు మరి.

అపోహ: "గీకి రెడ్ ఆక్సైడ్ కొడితే ఆగిపోతుంది."

ఆగదు. పెయింటు కింద మిగిలిన ఉప్పు నీటిని లాక్కుని పొక్కులు లేపుతుంది. ముందు మంచినీళ్లతో కడగాలి. ఉప్పు బోరునీరు వద్దు. ఆరాక గ్రిట్ బ్లాస్టింగ్‌తో (గరుకు రేణువులను గాలి ఒత్తిడితో కొట్టి) ఎస్ఏ 2½ స్థాయికి, అంటే దాదాపు మచ్చలేని లోహం తేలేదాకా తేవాలి. సముద్రపు ఇసుకతో బ్లాస్టింగ్ చేస్తే ఉప్పును మళ్లీ దిగ్గొట్టినట్టే, పైగా ఆ ధూళి పనివాళ్ల ఊపిరితిత్తులకు ప్రమాదం. అదే రోజు, వీలైతే 4 గంటల్లోపు జింక్ ఎపాక్సీ ప్రైమర్ సుమారు 75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు), దానిపై ఎపాక్సీ 125, చివర పాలీయురేథేన్ 50 వేయాలి. అంచులు, వెల్డింగులు, బోల్టు తలల మీద పెయింటు పలచబడుతుంది కాబట్టి వాటికి ముందే బ్రష్‌తో ఒక పూత ఇవ్వాలి. తేమ 85 శాతం దాటినప్పుడు పని ఆపాలి.

అపోహ: "జీఐకి (జింకు పూత ఇనుముకు) తుప్పు రాదు."

హాట్ డిప్ చేసిన (కరిగిన జింకులో ముంచిన) మందపాటి ఇనుముకు చదరపు మీటరుకు సుమారు 610 గ్రాముల జింకు, అంటే 85 మైక్రాన్ల పూత పడుతుంది. తీవ్ర తీరవాతావరణంలో ఏడాదికి 4 నుంచి 8 మైక్రాన్లు పోవచ్చు. అంటే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు. వెల్డింగు చేసిన చోట జింకు కాలిపోతుంది, అక్కడ మొదటి ఏడాదే ఎర్రబడుతుంది.

అపోహ: "బలహీనపడిన చోట కొత్త ప్లేటు వెల్డ్ చేస్తే సరి."

బరువు పాత ఇనుము మీదే ఉండగా ప్లేటు అతికిస్తే, ఆ తర్వాత వచ్చే బరువు మాత్రమే కొత్తది పంచుకుంటుంది. ముందు జాకీ, ప్రాప్‌లతో (ఊతకర్రలతో) బరువు దించాలి. ప్లేటును తుప్పు తినని మంచి లోహం దాకా పొడిగించి, చుట్టూ ఖాళీ లేకుండా వెల్డ్ చేయాలి. అంచు తెరిచి ఉంటే మధ్యలోకి నీరు చేరి, ఉబ్బిన తుప్పు రెండు ప్లేట్లనూ విడదీస్తుంది. బోల్టు అతుకుల్లోనూ ఇదే జరిగి బోల్టులు తెగుతాయి. మిగిలిన మందం 3 మి.మీ. కన్నా తగ్గితే వెల్డింగుకు బొక్క పడే అవకాశమే ఎక్కువ. అక్కడ ఆ ముక్కను కోసి, కొత్తది వేయాల్సిందే.