న్యూట్రాన్లను నెమ్మదింపజేసే నీరు

అణు రియాక్టరు చివరికి చేసేది నీళ్లు మరిగించడమే. ఆ ఆవిరి టర్బైన్‌ను తిప్పితే కరెంటు పుడుతుంది. అక్కడి నుంచి బొగ్గు కేంద్రానికీ దీనికీ తేడా లేదు. విశేషమంతా పొయ్యిలోనే ఉంది.

యురేనియం-235 కేంద్రకం న్యూట్రాన్ తాకిడికి చీలినప్పుడు వేడితో పాటు రెండు మూడు కొత్త న్యూట్రాన్లు వెలువడతాయి. అవి సెకనుకు దాదాపు 20,000 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతాయి. అంత వేగంలో మరో కేంద్రకాన్ని చీల్చే అవకాశం చాలా తక్కువ. ఆ వేగాన్ని సెకనుకు రెండు కిలోమీటర్ల స్థాయికి దించాలి. క్యారమ్ బోర్డు మీద ఒక కాయ తనంత బరువున్న మరో కాయను నేరుగా కొడితే వేగమంతా దానికిచ్చి ఆగిపోతుంది. న్యూట్రాన్ కూడా తేలికైన పరమాణువులను ఢీకొంటేనే నెమ్మదిస్తుంది. మామూలు నీటిలోని హైడ్రోజన్ ఈ పని బాగా చేస్తుంది గానీ, కొన్ని న్యూట్రాన్లను మింగేస్తుంది. సహజ యురేనియంలో 235 రకం 0.7 శాతమే కాబట్టి ఆ నష్టాన్ని తట్టుకోలేదు. ఇంధనంలో 235 వాటా పెంచాలి, లేదంటే నీటినే మార్చాలి. మన దేశం ప్రధానంగా రెండో దారి పట్టింది.

ఆ నీరే భారజలం. ఇందులో హైడ్రోజన్‌కు బదులు దానికి రెట్టింపు బరువుండే డ్యుటీరియం ఉంటుంది. అది న్యూట్రాన్లను మింగడం చాలా అరుదు. కానీ ప్రకృతిలో సుమారు ఆరున్నర వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒక్కటే దొరుకుతుంది. మణుగూరు దగ్గరి కర్మాగారంలో గోదావరి నీటి నుంచి దాన్ని ఓపికగా కూడబెడతారు. నీటిని, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును ఎదురెదురుగా పంపితే, చల్లని చోట డ్యుటీరియం నీటివైపు, వేడి చోట వాయువువైపు మొగ్గుతుంది. ఆ కాస్త మొగ్గునే మళ్లీమళ్లీ వాడుకుంటారు.

ఇంధనం తయారయ్యేది ప్రధానంగా హైదరాబాద్‌లో. యురేనియం ఆక్సైడ్ బిళ్లలు నింపిన 19 సన్నని గొట్టాలను కలిపి అర మీటరు కట్టగా బిగిస్తారు. 220 మెగావాట్ల రియాక్టరులో 306 అడ్డగొట్టాలు, ఒక్కోదానిలో 12 కట్టలు ఉంటాయి. ఒక కొస నుంచి కొత్త కట్టలు నెడితే రెండో కొస నుంచి పాతవి బయటికొస్తాయి, రియాక్టరును ఆపనక్కర్లేదు. కర్ణాటకలోని కైగా-1 యూనిట్ 2016 మే నుంచి 2018 డిసెంబరు 31 దాకా 962 రోజులు ఆగకుండా నడవగలిగింది అందుకే. క్యాన్సర్ చికిత్సలో వాడే కోబాల్ట్-60 కూడా ఇలాంటి రియాక్టర్లలో తయారవుతుంది.

చీలికలను ఆపడం కష్టం కాదు, న్యూట్రాన్లను మింగే కడ్డీలు దించితే క్షణాల్లో ఆగుతాయి. వేడి మాత్రం ఆగదు. ఆపిన మరుక్షణంలో కూడా నడిచేటప్పటి వేడిలో ఆరు శాతానికి పైగా మిగిలి, మెల్లగా తగ్గుతుంది. 2011లో ఫుకుషిమాలో భూకంపం రాగానే రియాక్టర్లు ఆగాయి, కానీ సునామీ జనరేటర్లను ముంచేయడంతో ఈ మిగులు వేడే ఇంధనాన్ని కరిగించింది. అందుకే ఏ అణు కేంద్రం గురించైనా ముందు అడగాల్సింది ఇదే అనిపిస్తుంది: కరెంటు పూర్తిగా పోతే చల్లబరిచేదెలా? గుజరాత్‌లోని కాక్రపార్‌లో కొత్తగా కట్టిన రెండు 700 మెగావాట్ల రియాక్టర్లలో, పంపులతో పని లేకుండా ఆవిరి పైకెళ్లి చల్లబడి నీరై తిరిగి దిగే ఏర్పాటు ఉంది.