కడుపు ఆపరేషన్ అయినవాళ్లకి ‘గ్యాస్ పట్టేసింది’ అంటే

మా శ్రీకాకుళం వైపు కడుపులో ఏ నొప్పొచ్చినా పేరు ఒకటే, గ్యాస్. వాము నములుతారు, నిమ్మసోడా తాగుతారు, తగ్గకపోతే మందుల షాపులో ఒక మాత్ర. చాలాసార్లు అది గ్యాసే కాబట్టి తగ్గిపోతుంది కూడా. కానీ ఆ మనిషికి ఎప్పుడో సిజేరియనో అపెండిక్సో అయి ఉంటే, గర్భసంచి తీసేసి ఉంటే, లెక్క మారిపోతుంది. “పదేళ్ల కిందటి ఆపరేషన్‌కీ ఇప్పటి నొప్పికీ సంబంధమేటి?” అంటారు. ఉంది.

పేగుల మీదా, పొట్ట గోడ లోపలి వైపూ పల్చటి నున్నటి పొర ఒకటి ఉంటుంది. పేగులు ఒకదాని మీద ఒకటి జారుతూ కదులుతున్నాయంటే ఆ పొరా, దాని తడీ కారణం. డాక్టరు ఎంత జాగ్రత్తగా చేసినా ఆపరేషన్‌లో దానికి చెయ్యి తగులుతుంది, గాలికి ఆరుతుంది, రక్తం ఆపడానికి కాల్చాల్సి వస్తుంది. దెబ్బ తగిలిన చోట ఫైబ్రిన్ అనే జిగురు ఊరుతుంది. మామూలుగా కొద్ది రోజుల్లో శరీరమే దాన్ని కరిగించేస్తుంది గానీ, రక్తం సరిగా అందని చోట అది కరగకుండా ఉండిపోయి, అందులోకి కణాలూ రక్తనాళాలూ పెరిగి, గట్టి పీచులా మారి పేగుని పేగుకో పొట్ట గోడకో అతికించేస్తుంది. డాక్టర్లు అడ్హిషన్స్ అనేది వీటినే. పొట్ట కోసి చేసిన ఆపరేషన్ తర్వాత ఎక్కువమందిలో ఇవి ఎంతోకొంత ఉంటాయి, చాలామందికి ఆ సంగతే తెలియదు. ఆ పీచు దగ్గర పేగు మెలిక పడితేనే ప్రమాదం. చిన్నపేగు మూసుకుపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

స్కాట్లాండ్‌లో 1986లో పొట్ట, పొత్తికడుపు కోసి ఆపరేషన్ చేసిన దాదాపు 30 వేల మంది రికార్డుల్ని పదేళ్ల పాటు చూసి, 1999లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వేశారు. అతుకుల వల్లో, వల్ల కావచ్చనో, అవి అడ్డుపడగల మరో ఆపరేషన్ కోసమో మూడోవంతు మంది సగటున రెండుసార్లు మళ్లీ ఆస్పత్రిలో చేరారు. సూటిగా అతుకులే కారణమన్నవి ఆ చేరికల్లో 5.7 శాతమే, భయపడిపోనక్కర్లేదు. కానీ మొదటి ఏడాదితో అవి ఆగిపోలేదు, పదేళ్లూ వస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు మన సంగతి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద అది 3 శాతం చిల్లర. అవసరమై తీసినవి ఉంటాయి, కాదనను. “పిల్లలు పుట్టేశారు, ఇంకెందుకు” అని తీయించేసుకున్నవాళ్లకి మాత్రం ఈ అతుకుల మాట ముందే ఎవరైనా చెప్పారా అని నా అనుమానం. చిన్న రంధ్రాలతో చేసే లాప్రోస్కోపీలో ఇవి తగ్గుతాయి, పూర్తిగా పోవు. సర్జన్ల గ్లౌజులకి పూసే పొడి కూడా వీటిని పెంచుతుందని తేలింది, అమెరికా 2017లో ఆ పొడి గ్లౌజుల్నే నిషేధించింది.

నొప్పి ఆగి ఆగి మెలిపెడుతూ, పొట్ట ఉబ్బి, వాంతులై, కింద నుంచి గాలి కూడా పోవడం లేదంటే సోడా పక్కన పెట్టండి. పలాసలోనో పార్వతీపురంలోనో ఉంటే తెల్లారే దాకా ఆగకుండా బయల్దేరండి, వెళ్లగానే పాత ఆపరేషన్ సంగతి మొదట చెప్పండి. ఎందుకంటే స్కానింగ్‌లో పేగు మూసుకుపోయిందని తెలుస్తుంది గానీ ఆ పీచు చాలాసార్లు కనపడదు. చాలామందికి నోటికి ఏమీ ఇవ్వకుండా, సెలైన్ ఎక్కించి, ముక్కులోంచి గొట్టం వేసి పొట్ట ఖాళీ చేస్తే అదే సర్దుకుంటుంది. పేగుకి రక్తం ఆగిపోతే మాత్రం గంటల్లో కుళ్లుతుంది, అప్పుడు కోయక తప్పదు. కోస్తే మళ్లీ కొత్త అతుకులు పడొచ్చు, అందుకే ఇబ్బంది పెట్టని అతుకుల జోలికి సర్జన్లు సాధారణంగా వెళ్లరు.