“అన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి కదా!”: ఫోన్ ఫోటోలపై అపోహలు, వాస్తవాలు

ఫోన్ల రిపేరు, డేటా రికవరీ నా పని. కొత్త ఫోన్ ఏది విడుదలైనా ప్రాసెసర్ ఏంటి, కెమెరా సెన్సర్ ఎంత అని రాత్రి పొద్దుపోయేదాకా చదివే పిచ్చి కూడా ఉంది. కానీ నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు మెగాపిక్సెళ్ల గురించి అడగరు. “ఫోటోలు పోయాయండీ, ఎలాగైనా తెప్పించండి” అంటారు. ఎలా పోయాయంటే చాలామంది చెప్పే కథ ఒకటే: స్టోరేజీ నిండింది, ఎలాగూ క్లౌడ్‌లో ఉన్నాయి కదా అని ఫోన్‌లోవి డిలీట్ చేశాం.

అపోహ: క్లౌడ్‌లో ఉన్నాయి కాబట్టి ఫోన్‌లోవి తీసేయొచ్చు.

వాస్తవం: ఐఫోన్‌లో ఉండే ఐక్లౌడ్ ఫోటోస్ చేసేది సింక్, అంటే అన్నిచోట్లా ఒకేలా ఉంచడం. ఫోన్‌లో తీసేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది, అదే అకౌంట్‌లో ఉన్న ట్యాబ్‌లోనూ పోతుంది. బ్యాకప్ అయిన ఫోటోని గూగుల్ ఫోటోస్ యాప్‌లో డిలీట్ కొట్టినా అంతే. ఒకే గదికి రెండు గుమ్మాలున్నట్టు, ఏ గుమ్మంలోంచి సామాను బయట పడేసినా ఖాళీ అయ్యేది ఆ గదే.

జాగా కోసం వేరే మీట ఉంది. గూగుల్ ఫోటోస్‌లో ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కితే బ్యాకప్ అయినవాటిని మాత్రమే ఫోన్‌లోంచి తీసేస్తుంది, క్లౌడ్‌లోవి ముట్టుకోదు. ఐఫోన్‌లో ‘ఆప్టిమైజ్ ఐఫోన్ స్టోరేజ్’ పెడితే అసలు ఫోటోలు ఐక్లౌడ్‌లో ఉంటాయి, ఫోన్‌లో చిన్న కాపీలు మిగులుతాయి.

ఈ మధ్యే ఎవరైనా అలా డిలీట్ చేసి ఉంటే మిగతాది తర్వాత చదవండి, ముందు ట్రాష్ చూడండి. బ్యాకప్ అయిన ఫోటోలు గూగుల్ ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి, ఐఫోన్ ‘రీసెంట్లీ డిలీటెడ్’లో 30 రోజులు. దురదృష్టం ఏమిటంటే, డిలీట్ చేసినా జాగా పెరగలేదేంటా అని చాలామంది వెంటనే ట్రాష్‌ని కూడా ఖాళీ చేసేసి వస్తారు.

‘బ్యాకప్ ఆన్’ అని కనిపించినంత మాత్రాన అన్నీ ఎక్కుతున్నట్టు కాదు. ఆండ్రాయిడ్‌లో కెమెరా ఫోటోలు ఎక్కుతాయి. వాట్సాప్ ఫోటోల ఫోల్డర్‌ని మాత్రం మనమే విడిగా ఎంచుకోవాలి. ఒకావిడ పాత ఫోన్‌ని రీసెట్ చేసి తమ్ముడికిచ్చాక ఈ సంగతి తెలిసింది. వాళ్ల నాన్నగారి చివరి రోజుల ఫోటోలన్నీ ఇంట్లోవాళ్లు వాట్సాప్‌లో పంపినవే. కుర్చీలో కూర్చుని ఆవిడ ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచలేదు. ఆ ఫోన్‌లోంచి ఒక్కటీ రాలేదు. చివరికి గ్రూపులో ఉన్న బాబాయిగారి ఫోన్‌లో సగానికి పైగా దొరికాయి. ఆయనకి ఏదీ డిలీట్ చేసే అలవాటు లేదట! ఎవరికైనా ఫోటోలు పోతే నేను మొదట అడిగేది ఇదే: ఇవి ఇంకెవరికి పంపారు?

జాగా సంగతి కూడా చెప్పాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడూ సర్దుకోవాలి. 2021 జూన్ 1కి ముందు సైజు తగ్గించి ఎక్కించిన ఫోటోలు లెక్కలోకి రావు, ఆ తర్వాత ఎక్కించినవి వస్తాయి. ఐక్లౌడ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే. నిండగానే బ్యాకప్ ఆగిపోతుంది. ఫోన్ హెచ్చరిక చూపిస్తుంది, మనం పక్కకి తోసేస్తాం. కొందరు తెలివిగా రెండో జీమెయిల్ తెరిచి పాత ఫోటోలు అందులో పడేసి, మళ్లీ ఆ వైపు చూడరు. రెండేళ్లు వాడని అకౌంట్‌ని గూగుల్ తీసేయవచ్చు, అందులోని ఫోటోలతో సహా. అప్పుడప్పుడు లాగిన్ అవ్వండి.

అపోహ: మీ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉంటుంది కదా, రీసెట్ చేసినా తెప్పించేస్తారు.

వాస్తవం: ఎవరు చెప్పారండీ? మెమరీ కార్డుల రోజుల్లో డిలీట్ చేసినవి చాలావరకు వచ్చేవి, ఆ పేరే ఇంకా నడుస్తోంది. ఇప్పటి ఫోన్లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, అంటే తాళం వేసినట్టు గజిబిజి అక్షరాలుగా మారి ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే ముందుగా పోయేది తాళంచెవి. అది లేకుండా మిగిలిన అక్షరాల గుట్టని ఏ సాఫ్ట్‌వేరూ చదవలేదు. ‘నూటికి నూరు శాతం రికవరీ’ అని ముందే డబ్బు అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

ఫోన్ పూర్తిగా చచ్చిపోతే? మెమరీ చిప్ పీకి ఇంకో బోర్డు మీద పెట్టేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు, ఆ తాళంచెవి ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. అదే బోర్డుని మళ్లీ లేపాలి, ఆపైన పాస్‌కోడ్ తెలియాలి.

ఇక భయపడుతున్నవాళ్లకి ఒక మంచిమాట. స్క్రీన్ పగిలితే, టచ్ పనిచేయకపోతే, ఛార్జింగ్ ఎక్కకపోతే డేటాకి సాధారణంగా ఏమీ కాదు. టెన్షన్ పడి రీసెట్ మాత్రం చేయకండి, చేయనివ్వకండి.

అపోహ: ఫేస్‌బుక్‌లో పెట్టాను, ఇంక భయం లేదు.

వాస్తవం: అక్కడ ఉండేది నలిపి చిన్నది చేసిన కాపీ. పైగా సైట్లు ఎప్పటికీ ఉండవు. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో. మైస్పేస్ మూతపడకుండానే, సర్వర్లు మార్చే పనిలో 2003 నుంచి 2015 వరకు జనం ఎక్కించిన పాటల్ని పోగొట్టుకుంది. ఆ సంగతి 2019లో గాని అందరికీ తెలియలేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండింట్లోనూ మన సమాచారం డౌన్‌లోడ్ చేసుకునే సదుపాయం ఉంది. అడిగితే ఫైలు తయారు చేసి ఇస్తాయి, ఆ లింకు కొద్ది రోజులే పనిచేస్తుంది. అకౌంట్ డిలీట్ చేసేముందు తప్పకుండా తీసుకోండి. డిలీట్ కొట్టాక మనసు మార్చుకోవడానికి 30 రోజులే గడువు.

మిగతావి గబగబా. తడిసిన ఫోన్‌ని బియ్యంలో పెట్టకండి. వద్దని యాపిల్ కూడా చెప్పింది, నలకలు లోపలికి పోతాయి. ఆఫ్ చేయండి, ఛార్జింగ్ పెట్టకండి, గాలికి ఆరనివ్వండి. యాప్‌లన్నీ పైకి తోసి మూసేస్తే బ్యాటరీ మిగలదు, మళ్లీ తెరవడానికి ఇంకాస్త ఖర్చవుతుంది. రాత్రంతా ఛార్జింగ్ పెడితే పేలిపోదు, దిండు కింద మాత్రం పెట్టకండి, వేడే బ్యాటరీకి శత్రువు. మీ ఫేస్‌బుక్ ప్రొఫైల్ ఎవరు చూశారో చెప్పే యాప్ లేదు, చెబుతామనేవాళ్లకి కావాల్సింది మీ పాస్‌వర్డ్. ‘నా ఫోటోలు వాడుకోవడానికి నేను ఒప్పుకోవడం లేదు’ అని కాపీ చేసి ఫేస్‌బుక్ గోడ మీద అతికించడం వల్ల ఏమీ జరగదు, ఒప్పందం అకౌంట్ తెరిచిన రోజే అయిపోయింది.

సరే, ఏం చేయాలి? ఫోటోగ్రాఫర్లు 3-2-1 అంటారు: మూడు కాపీలు, రెండు రకాల నిల్వలు, ఒకటి వేరేచోట. ఫోన్, క్లౌడ్, ఇంకొకరి ఇంట్లో పెట్టిన ఒక హార్డ్‌డిస్క్, ఇంతే. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకుని ఏళ్లతరబడి సొరుగులో పడేయకండి. ఇక పాత ఫోన్‌ని అమ్మేముందు వేరే కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి మీ అకౌంట్‌లోకి వెళ్లి, అయిదేళ్ల కిందటి ఫోటో ఒకటి, నిన్నటి ఫోటో ఒకటి, వాట్సాప్‌లో వచ్చింది ఒకటి వెతకండి. మూడూ తెరుచుకుంటేనే రీసెట్ నొక్కండి.