ఆట మీద పేరు, అమ్మకంలో వాటా: డేవిడ్ క్రేన్ కాలం నాటి తగువు

వీడియో గేమ్‌ల రంగంలో రెండు తగువులు ఎప్పుడూ నలుగుతూనే ఉంటాయి. ఏళ్ల తరబడి పనిచేసి, విడుదలకు ముందు మానేసినవాళ్ల పేర్లు క్రెడిట్స్‌లోంచి లేపేశారన్నది ఒకటి. కష్టపడి ఆట తయారుచేసిన స్టూడియో ప్రతి అమ్మకంలోనూ కన్సోల్ (ఆటలు ఆడే మిషన్) కంపెనీకి వాటా ఎందుకు ఇచ్చుకోవాలన్నది రెండోది. చూడ్డానికి వేర్వేరు గొడవలే గానీ, రెండింటికీ పుట్టిల్లు 1979 నాటి అటారీ కంపెనీ.

ప్రోగ్రామర్ డేవిడ్ క్రేన్ అందులో 1977లో చేరాడు. అంతకుముందు నేషనల్ సెమీకండక్టర్‌లో పనిచేశాడు. టీవీకి తగిలించి ఆడుకునే అటారీ వీసీఎస్ (తర్వాత దీని పేరు 2600 అయింది) మార్కెట్లోకి వచ్చిందీ ఆ ఏడాదే. అప్పట్లో ఆటకు ఊహ, బొమ్మలు, శబ్దాలు, కోడ్ అన్నీ సాధారణంగా ఒక్క మనిషి పనే. డబ్బా మీద మాత్రం కంపెనీ పేరే ఉండేది. వారెన్ రాబినెట్ అనే ప్రోగ్రామర్ ఉండబట్టలేక 'అడ్వెంచర్' ఆటలో ఒక రహస్య గది కట్టి, అందులో ఎవరికీ చెప్పకుండా తన పేరు దాచి, ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు.

ఇంతలో ఏ ఆట ఎంత అమ్ముడైందో చూపే కాగితం ఒకటి ప్రోగ్రామర్ల చేతికి వచ్చింది. బాగా పోతున్నవాటిలాంటివే ఇంకా చేయండని దాని ఉద్దేశం. క్రేన్, ల్యారీ కప్లాన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్ కూర్చుని వేరే లెక్క కట్టారు. క్రేన్ చెప్పిన ప్రకారం, 10 కోట్ల డాలర్ల కార్ట్రిడ్జ్ (మిషన్‌లో పెట్టే ఆట పెట్టె) అమ్మకాల్లో 60 శాతం ఈ నలుగురి ఆటల మీద వచ్చిందే. వాళ్ల జీతాలు మాత్రం ఏడాదికి 30 వేల డాలర్లు దాటవు. నలుగురూ వెళ్లి కంపెనీ అధిపతి రే కాసర్‌ను అడిగారు. ఆయన బట్టల వ్యాపారంలోంచి వచ్చిన మనిషి. కార్ట్రిడ్జ్‌లు బిగించే కార్మికుడి కన్నా మీరేం ఎక్కువ కాదన్నది ఆయన జవాబని క్రేన్ చాలాసార్లు చెప్పాడు.

నలుగురూ బయటికి వచ్చి, మ్యూజిక్ రంగంలో పనిచేసిన జిమ్ లెవీతో కలిసి 1979 అక్టోబరులో యాక్టివిజన్ పెట్టారు. అక్షర క్రమంలో అటారీ కన్నా ముందు వచ్చే పేరు! గాయకుడికి దక్కే గౌరవమే ఆట రాసినవాడికీ దక్కాలన్నది లెవీ పద్ధతి. అందుకే డబ్బా మీద ప్రోగ్రామర్ పేరు, లోపలి పుస్తకంలో అతని ఫొటో, ఎలా ఆడితే గెలుస్తారో అతని మాటల్లోనే చిట్కాలు వేశారు.

మా మిషన్‌కి మీరు ఆటలు చేయడమేంటని అటారీ 1980లో కోర్టుకెక్కింది. 1982లో రాజీ కుదిరింది: యాక్టివిజన్ ఆటలు చేసుకోవచ్చు, అటారీకి రాయల్టీ కట్టాలి. నా దృష్టిలో క్రేన్ కెరీర్‌లో అన్ని ఆటల కన్నా ఎక్కువ కాలం నిలిచింది ఈ ఒప్పందమే. బయటి స్టూడియో ఆట చేయడం, మిషన్ యజమాని వాటా తీసుకోవడం అనే ఏర్పాటుకు అప్పుడే దారి పడింది.

అదే ఏడాది క్రేన్ చేసిన 'పిట్‌ఫాల్' అనే అడవి ఆట చూస్తే, పేరు కోసం అతను అంత పట్టు ఎందుకు పట్టాడో అర్థమవుతుంది. కార్ట్రిడ్జ్‌లో ఉన్న చోటు 4 కిలోబైట్లు, మిషన్ మెమరీ 128 బైట్లు. అడవిలో మాత్రం 255 తెరలు. ఒక్కో తెరను విడిగా దాచే చోటే లేదు. క్రేన్ ఒకే ఒక్క బైట్‌తో (సున్నా లేదా ఒకటి అయ్యే ఎనిమిది బిట్ల గుంపు) పని కానిచ్చాడు. అందులో కొన్ని బిట్లు చెట్లెలా ఉండాలో, కొన్ని గుంటా బురదా మొసళ్లా అన్నది, ఇంకొన్ని దొర్లే దుంగా పామా నిధా అన్నది నిర్ణయిస్తాయి. ఆటగాడు తెర దాటగానే ఆ బిట్లు ఒక సూత్రం ప్రకారం జరిగి కొత్త తెర తయారవుతుంది. వెనక్కి నడిస్తే అదే సూత్రం తిరగబడి పాత తెర వస్తుంది. ఈ అడవంతా 50 బైట్ల లోపు కోడ్. ఆట 40 లక్షల కాపీలకు పైగా అమ్ముడైంది.

ఈ విజయం చూసి బయటి కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. నాసిరకం ఆటలు దుకాణాల్లో గుట్టలు పడి, 1983లో అమెరికా మార్కెట్ కుప్పకూలింది. జపాన్ కంపెనీ నింటెండో దాన్నుంచి పాఠం నేర్చింది. తన మిషన్‌లో తాళం చిప్ పెట్టి, లైసెన్స్ తీసుకున్నవాళ్లకే దారి ఇచ్చింది. అదీ కంపెనీకి ఏడాదికి 5 ఆటలని హద్దు పెట్టి. 1986లో యాక్టివిజన్ వదిలి, గ్యారీ కిచెన్‌తో కలిసి అబ్సల్యూట్ ఎంటర్‌టైన్‌మెంట్ మొదలుపెట్టిన క్రేన్ కూడా 1989లో 'ఎ బాయ్ అండ్ హిజ్ బ్లాబ్'ను ఆ నింటెండో మిషన్‌కే చేశాడు.

పాత మిత్రులు మిల్లర్, వైట్‌హెడ్‌ల కంపెనీ మాత్రం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 1984లో వాళ్లు పెట్టిన అకోలేడ్ సంస్థ, మరో కన్సోల్ కంపెనీ సెగా మిషన్ గుట్టు విప్పి లైసెన్స్ లేకుండానే ఆటలు చేసింది. సెగా దావా వేస్తే 1992లో అప్పీలు కోర్టు అకోలేడ్ పక్షాన నిలిచింది. తమ ఆటలు ఆ మిషన్‌లో నడవడానికి అవసరమైనంత మేరకు కోడ్ విప్పి చూడటం తప్పు కాదంది.

వాటా సంగతి ఇలా ఒప్పందాలతో, తీర్పులతో ఒక రూపానికి వచ్చింది. పేరు సంగతికి అలాంటి బలమేమీ దొరకలేదు. ఎవరి పేరు వేయాలన్నది నేటికీ చాలావరకు స్టూడియో దయే. ఆ యాక్టివిజనే తర్వాత యాక్టివిజన్ బ్లిజార్డ్ అయింది; దాన్ని మైక్రోసాఫ్ట్ 2023లో దాదాపు 6,900 కోట్ల డాలర్లకు కొన్నది. దానికి రెండేళ్ల ముందే క్రేన్, కిచెన్ సోదరులతో కలిసి ఆడాసిటీ గేమ్స్ పెట్టి, ఆ 1977 నాటి అటారీ మిషన్‌కే మళ్లీ కొత్త కార్ట్రిడ్జ్‌లు చేయడం మొదలుపెట్టాడు.