మాట ముందా, ధ్యాస ముందా?

"మా వాడికి మూడున్నరేళ్లు. ముప్పై మాటలు కూడా రావు. ఒక్కచోట కూర్చోడు, పిలిస్తే పలకడు, బొమ్మల పుస్తకం తెరిస్తే రెండో పేజీ దాకా ఉండడు. ముందు దేని సంగతి చూడాలి, మాటదా, ధ్యాసదా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ముందు కాస్త కుదురు రానీ, తర్వాత మాటలు నేర్పొచ్చని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారట. మాటలొస్తే కుదురు దానంతటదే వస్తుందని ఆవిడ నమ్మకం. నన్నడిగితే, ఈ వయసులో ఆ రెండూ ఒకే పని. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఒక విసుగు పని తేల్చేద్దాం: చెవి పరీక్ష. "ప్లేటు కింద పడితే ఉలిక్కిపడతాడు, టీవీలో పాట రాగానే పరిగెత్తుకొస్తాడు, చెవులకేం, బాగానే ఉన్నాయి" అని చాలామంది దీన్ని వాయిదా వేస్తారు. ప్లేటు చప్పుడు పెద్దది. కర్ణభేరి వెనక జిగట ద్రవం చేరిన పిల్లవాడికి ప్లేటు వినిపిస్తుంది. మాటలో స, ష, ఫ లాంటి పల్చటి శబ్దాలు మాత్రం సరిగా అందవు. పైగా ఈ ద్రవం జలుబుతో వస్తూ పోతూ ఉంటుంది. ఒక వారం వింటాడు, ఇంకో వారం వినడు. చూసేవాళ్లకి అది మొండితనంలాగో పరధ్యానంలాగో కనిపిస్తుంది. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో పాసయ్యాడన్నది ఇప్పటికి లెక్కలోకి రాదు. ద్రవం ఉందో లేదో టింపనోమెట్రీ అనే చిన్న పరీక్ష కొన్ని నిమిషాల్లో చెప్పేస్తుంది, వినికిడి ఎంతుందో ఆడియాలజిస్టు విడిగా కొలుస్తారు. ఇది చేయించకుండా మిగతాది చదవకండి. సరే చదవండి, కానీ చేయించండి.

ఇక అసలు విషయం. నేల మీద పిల్లవాడు బొమ్మకారు తిరగేసి చక్రం తిప్పుతున్నాడు. అమ్మ పక్కన చేరి పుస్తకం తెరిచింది. "ఇటు చూడు కన్నా, ఏనుగు! ఏనుగు అను. ఏ... ను... గు." వాడు చక్రం తిప్పుతూనే ఉన్నాడు. కన్ను చక్రం మీద, వేలు చక్రం మీద, బుర్రంతా చక్రంలో. చెవిలో మాత్రం "ఏనుగు" పడుతోంది. మాటని ఒక ఉత్తరం అనుకుంటే, ఈ ఉత్తరం తప్పు చిరునామాకి వెళ్లింది. చక్రం ఇంటికి ఏనుగు పేరు మీద వచ్చింది. తీసుకునేవాళ్లు లేరు. తీసుకున్నా ఇంకో చిక్కు: చక్రాన్ని ఏనుగు అనుకోవాలి.

1986లో మైకేల్ టొమసెల్లో, జెఫ్రీ ఫారర్ అనే పరిశోధకులు సరిగ్గా ఈ సంగతే పరీక్షించారు. తల్లీబిడ్డలు ఆడుకుంటుంటే వీడియో తీసి, తల్లి నోట వచ్చిన వస్తువుల పేర్లని రెండు కుప్పలుగా పోశారు. బిడ్డ అప్పటికే చూస్తున్న వస్తువు పేరు ఒక కుప్ప, బిడ్డ దృష్టిని మళ్లించడానికి అన్న పేరు ఇంకో కుప్ప. బిడ్డకి 15 నెలలప్పుడు మొదటి రకం ఎక్కువగా విన్న ఇళ్లలో 21 నెలలకి మాటలు ఎక్కువున్నాయి. రెండో రకం ఎక్కువైన చోట తక్కువున్నాయి. రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఇది దానికి కారణం అయిపోతుందా అని మీకు అనుమానం రావాలి. వాళ్లకీ వచ్చింది. అందుకని 17 నెలల పిల్లలకి తామే కొత్త మాటలు నేర్పి చూశారు. కొన్ని బిడ్డ చూపు ఎటుంటే అటు వెళ్లి చెప్పారు, కొన్ని బిడ్డ చూపుని తిప్పుకుని చెప్పారు. చూపు వెంట వెళ్లి చెప్పినవే బాగా పట్టుబడ్డాయి. తేడా అంతా చిరునామాలోనే ఉంది.

మరి ప్రతి ఇంట్లోనూ బోలెడు మాటలు తప్పు చిరునామాకే పోతుంటాయి కదా, మిగతా పిల్లలకి ఎలా వస్తున్నాయి? దీనికి జవాబు డేర్ బాల్డ్విన్ 1991లో అచ్చేసిన ప్రయోగంలో ఉంది. బిడ్డ ఒక బొమ్మని చూస్తుండగా, పెద్దమనిషి వేరే బొమ్మని చూస్తూ కొత్త పేరు పలుకుతాడు. ఏడాదిన్నర పిల్లలు ఆ పేరుని తాము చూస్తున్న బొమ్మకి తగిలించేసుకోలేదు. తలెత్తి, పలికినవాళ్ల కళ్లు ఎటున్నాయో చూసి, పేరుని ఆ బొమ్మకే ఇచ్చారు! తప్పుగా వచ్చిన ఉత్తరాన్ని వాళ్లే సరైన ఇంటికి చేర్చేశారన్నమాట. పని వదలాలి, మొహం చూడాలి, ఆ కళ్ల వెంట వస్తువు దాకా వెళ్లాలి, అంతసేపూ విన్న మాటని పట్టుకుని ఉండాలి. ఇదంతా ఒకటి రెండు క్షణాల్లో. మాటా ధ్యాసా రెండూ వెనకబడ్డ పిల్లవాడు చాలాసార్లు ఇక్కడే తప్పిపోతాడు. వాడు చేయలేని సార్టింగ్ పని మనం చేయాలి.

దీనికి ఇంకో అడ్డు కూడా ఉంది. 1970లలో బ్రిటన్‌లో జోన్ రెనెల్, ఆమె సహచరులు పిల్లల ధ్యాస పెరిగే తీరుని మెట్లుగా విడదీశారు. మొదటి ఏడు ఏది కదిలితే ధ్యాస అటు పోతుంది. రెండో ఏడు తను ఎంచుకున్న పని మీద బిగుసుకుపోతుంది, బయటి మాట లోపలికి చొరదు. మూడో ఏడు కూడా ధ్యాస ఒకేసారి రెండింటి మీద నిలవదు, కానీ పెద్దవాళ్లు సాయం చేస్తే పని నుంచి మాటకి, మాట నుంచి పనికి మళ్లుతుంది. నాలుగో ఏడు ఆ మళ్లింపు వాడే చేసుకుంటాడు. అయిదో ఏడు వస్తే గానీ చేస్తూ వినడం కుదరదు. ఇవి అందాజు వయసులే. ఇబ్బంది ఉన్న పిల్లలు వయసుకంటే ఒకటి రెండు మెట్లు కింద ఉండొచ్చు. రెండో మెట్టు మీదున్న మూడున్నరేళ్ల వాడికి, చక్రం తిప్పుతుండగా పక్కగది నుంచి వచ్చిన "బూట్లు వేసుకో" మాటగా అందదు. మూడోసారి గట్టిగా అరిస్తే తలెత్తుతాడు. ఎత్తించింది అరుపే, బూట్ల సంగతి అప్పటికీ తెలియదు. దగ్గరికెళ్లి, వాడి ఎత్తుకి వంగి, పేరు పిలిచి, భుజం తట్టి, చూపు కలిసేదాకా ఆగి, అప్పుడు "బూట్లు" అనాలి. బూట్లు చేతిలో ఉంటే ఇంకా మేలు.

నేర్పాలనుకున్నప్పుడు మాత్రం చూపు తిప్పుకోవాలని కూడా ప్రయత్నించకండి. మీరూ నేల మీద వాలండి, మొహం వాడి మొహానికి ఎదురుగా. "తిరుగుతోంది." ఆగండి. "గిరగిర తిరుగుతోంది." చక్రం ఆగుతుంది. "ఆగింది." ఇక్కడ మన భాష మనకో సాయం చేస్తోంది. తెలుగులో "ఆగింది", "పడింది", "అయిపోయింది" అన్న ఒక్క మాటే పూర్తి వాక్యం. పొట్టిగా మాట్లాడటానికి వ్యాకరణం విరగ్గొట్టక్కర్లేదు. గిరగిర, టపటప, గలగల లాంటి మాటలని చిన్నపిల్లల భాష అని తీసేయకండి. ముత్సుమి ఇమాయ్ బృందం 2008లో మూడేళ్ల జపనీస్ పిల్లలకి కొత్త క్రియలు నేర్పి చూసింది. చప్పుడూ కదలికా మాటలోనే ధ్వనించే క్రియల్ని వాళ్లు సులువుగా పట్టుకుని, వేరే మనిషి అదే పని చేసినప్పుడూ గుర్తుపట్టారు. జపనీస్‌లో ఇలాంటి మాటలు కోకొల్లలు. తెలుగులో తక్కువా?

తర్వాతి పని ఆగడం. ఇది చెప్పడం తేలిక, చేయడం నరకం. పెద్దవాళ్ల సంభాషణలో ఒకరి మాటకీ మరొకరి మాటకీ మధ్య ఖాళీ సగటున సెకనులో అయిదో వంతు. 2009లో పది భాషల్లో కొలిచారు, అన్నిట్లోనూ దాదాపు ఇంతే. కానీ ఒక బొమ్మ చూసి దాని పేరు పలకడానికి మామూలు పెద్దవాళ్లకే అర సెకను పైన పడుతుంది. అవతలివాళ్లు ముగించకముందే జవాబు వండుకుంటాం కాబట్టి మనకి ఖాళీ కనిపించదు. పిల్లవాడు ఆ వంట మొదటి నుంచి మొదలెట్టాలి. మనం ఒక్క సెకను చూసి "చెప్పు, చెప్పు మరి, ఇదేంటి? రంగేంటి?" అంటూ ఇంకో నాలుగు ఉత్తరాలు గుమ్మంలో కుక్కుతాం. బడిలోనూ ఇదే గోల. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడవవుతాయని మేరీ బడ్ రో 1970లలోనే చూపించింది. యాభై ఏళ్లయినా టీచర్లకి దీన్ని ఎంతమంది గట్టిగా చెబుతున్నారు? మన వాడికైతే అయిదు నుంచి పది సెకన్లు ఇవ్వండి. చూపులో ఆశ పెట్టుకుని, నోరు మూసుకుని. జవాబు మాటగానే రావాలని లేదు. వేలు చూపించినా, కారు మీ చేతిలో పెట్టినా, "గీ" అన్నా జవాబే. సైగతో చూపించిన వస్తువుల పేర్లే తర్వాత మాటగా వస్తాయని జానా ఐవర్సన్, సూసన్ గోల్డిన్-మెడో 2005లో తేల్చారు. వాడి "గీ"ని మీరు "గిరగిర" అని తిరిగి ఇవ్వండి. అలాగే అనమని పట్టుబట్టకండి.

రైమ్స్ వీడియోలతో ఈ పని ఎందుకు కాదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. వీడియోకి వాడి చూపు ఎటుందో తెలియదు. పాట్రీషియా కూల్ 2003లో తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి 12 విడతలు మాండరిన్ చైనీస్ వినిపిస్తే, ఎదురుగా కూర్చున్న మనిషి దగ్గర విన్నవాళ్లే ఆ భాషా శబ్దాల తేడా పట్టారు. అదే మనిషిని టీవీలో చూసినవాళ్లకి ఏమీ అంటలేదు. 2014లో రెండేళ్ల పిల్లలతో చేసిన మరో ప్రయోగంలో, వీడియో కాల్‌లో తమకి జవాబిచ్చే మనిషి దగ్గర కొత్త మాటలు నేర్చుకున్నారు, రికార్డు చేసిన వీడియో దగ్గర నేర్చుకోలేదు. తప్పు తెర మీద లేదు, జవాబివ్వకపోవడంలో ఉంది. ఎవరూ చూడకుండా మూల మోగే టీవీ ఇంకో రకం చేటు చేస్తుంది. 2008 నాటి ఒక అధ్యయనంలో ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలు దాన్ని పెద్దగా చూడకపోయినా, వాళ్లు ఒక్కో బొమ్మతో ఆడుకునే సేపు తగ్గిపోయింది. ధ్యాస కోసం చేయగలిగిన అతి చౌక వైద్యం ఆ టీవీ కట్టేయడమే.

ఇంతవరకు ధ్యాస వెంట మాట వెళ్లడం చూశాం. తిరుగు దారి ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. సోవియట్ మనస్తత్వవేత్త అలెగ్జాండర్ లూరియా చిన్నపిల్లల చేతికి నొక్కే రబ్బరు బుడ్డి ఇచ్చి, ఒక దీపం వెలిగితే నొక్కు, ఇంకోటి వెలిగితే నొక్కకు అన్నాడు. మూడేళ్ల వాళ్లు రెండింటికీ నొక్కేశారు. పైకి అంటూ చేయమన్నాడు. "నొక్కకు" అని పైకి అంటూ మరీ గట్టిగా నొక్కారు! ఆ వయసులో మాట అర్థం కంటే మాట ఇచ్చే ఊపే చేతికి ముందు చేరుతుంది. మాటల అర్థం చేతిని ఆపడం నాలుగు దాటాక గానీ కుదరలేదు. అంటే మన లోపల మనకి చెప్పుకునే "ఆగు, ఇది అయ్యాక అది" అన్న మాటే తర్వాత కుదురు అవుతుంది. మాటలు లేనివాడికి ఆ పగ్గం లేదు. అందుకే "పరిగెత్తకు" కంటే "నడువు" పనిచేస్తుంది, "అల్లరి చేయకు" కంటే "కారు ఇక్కడ పెట్టు" పనిచేస్తుంది. వాడు చేసే పనిని వరసగా రెండే ముక్కల్లో చెప్పండి: "ముందు బూట్లు, తర్వాత బయటికి." రోజూ అవే మాటలు. కొన్నాళ్లకి వాడే గొణుక్కుంటాడు. అది గొణుగుడు అని ఆపకండి.

నమ్మకాల గురించి రెండు ముక్కలు. ఐన్‌స్టీన్ కూడా ఆలస్యంగానే మాట్లాడాడట అంటారు. ఆలస్యంగా మాట్లాడినవాళ్లందరి లెక్క తీస్తే ఆ ఓదార్పు నిలవదు. రెండేళ్లకి మాటలు తక్కువున్న పిల్లల్లో సగానికి పైగా బడి వయసుకి అందుకుంటారు, నిజమే. ఏ పిల్లవాడు అందుకుంటాడో ముందే చెప్పలేం. మూడున్నరకి ముప్పై మాటలంటే ఆగి చూసే దశ దాటిపోయింది. నాలుక కింద తీగ కోయిస్తే మాటలొస్తాయన్నది రెండోది. ఆ తీగ కొన్ని శబ్దాల ఉచ్చారణకి అడ్డు రావొచ్చు, మాటలు లేకపోవడానికి కారణం కాదు. ఇంట్లో రెండు భాషలుండటమూ కారణం కాదు. మీకు బాగా వచ్చిన భాషలో ఎక్కువ మాట్లాడండి, అంతే.

స్పీచ్ థెరపిస్టుని, పిల్లల ఎదుగుదల చూసే డాక్టరుని ఇప్పుడే కలవండి. పిలిస్తే పలకడన్నారు కాబట్టి ఆటిజం సంగతీ వాళ్లు చూడాలి. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక, కుదురుండని ఇబ్బంది) అన్న పేరు ఈ వయసులో తొందరపడి పెట్టరు. నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య ఆ పేరు పడినా, అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2019 మార్గదర్శకాల ప్రకారం మొదట ఇచ్చేది మందు కాదు, తల్లిదండ్రులకి శిక్షణ. మీకు పని చెబుతున్నారంటే మీ పెంపకాన్ని తప్పుపడుతున్నారని టెన్షన్ పడొద్దు. థెరపిస్టు వారంలో కనపడేది గంటో రెండు గంటలో, మిగతా గంటలన్నీ మీ దగ్గరే కదా.

వెళ్లేముందు ఒకటి చేయండి. ఫోన్‌ని షెల్ఫ్ మీద ఆనించి, మీరిద్దరూ నేల మీద ఆడుకుంటుండగా అయిదు నిమిషాలు వీడియో తీయండి. తర్వాత చూస్తూ, వాడి నుంచి మీకూ మీ నుంచి వాడికీ వంతు ఎన్నిసార్లు మారిందో లెక్కేయండి. చూపు, వేలు, "గీ" అన్నీ వంతులే. నెల తర్వాత మళ్లీ తీయండి. మాటల లెక్క కదలకముందే ఈ లెక్క కదలొచ్చు. రెండు వీడియోలూ థెరపిస్టుకి చూపించండి, ఎందుకంటే కొత్త గదిలో, కొత్త మనిషి ముందు, మీ వాడు ఇంట్లో ఉన్నట్టు ఉండడు.