ఆడిటింగ్ ఆన్ చేశారు సరే, లాగ్ వస్తోందా? అపోహలు - వాస్తవాలు

క్లౌడ్ డేటాబేస్ ఆడిట్ (డేటాబేస్‌లో ఏ అకౌంట్ ఏం చేసిందో రికార్డు చేయడం) గురించి మాట్లాడితే చాలామంది "పోర్టల్‌లో ఆన్ చేసేశాం కదా" అన్న దగ్గరే ఆగిపోతారు. ఆన్ చేయడం ఎంతసేపు, అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. నేను రోజూ చూసేది మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లోని అజ్యూర్ ఎస్‌క్యూఎల్ డేటాబేస్, లాగ్‌లను ఒకచోట చేర్చి వెతుక్కునే లాగ్ అనలిటిక్స్ వర్క్‌స్పేస్ కాబట్టి వాటి సంగతే చెప్తాను.

అపోహ: ఆడిటింగ్ ఆన్‌లో ఉందంటే లాగ్‌లు వర్క్‌స్పేస్‌కి చేరుతున్నట్టే.

వాస్తవం: ఇక్కడ ఉన్నవి రెండు సెట్టింగులు. ఏం రికార్డు చేయాలో చెప్పేది ఆడిటింగ్ పాలసీ, ఆ రికార్డులు ఏ వర్క్‌స్పేస్‌కి పోవాలో చెప్పేది డయాగ్నస్టిక్ సెట్టింగ్. పోర్టల్‌లో సర్వర్ స్థాయిలో ఆన్ చేస్తే రెండోది దానంతటదే మాస్టర్ డేటాబేస్ (సర్వర్ వివరాలుండే సిస్టమ్ డేటాబేస్) మీద పడిపోతుంది, వెతికితే తప్ప కనపడదు. అదే పోర్టల్ బదులు కోడ్‌తో, అంటే రెస్ట్ ఏపీఐతోనో టెర్రాఫామ్‌తోనో చేస్తే 'ఎస్‌క్యూఎల్ సెక్యూరిటీ ఆడిట్ ఈవెంట్స్' కేటగిరీ ఎంచుకుని మనమే విడిగా పెట్టాలి. ఇది మర్చిపోయినా, క్లీనప్ పేరుతో "ఇదెవరు పెట్టారో" అని ఎవరైనా తీసేసినా, ఆడిటింగ్ పేజీ మాత్రం ఆన్ అనే చూపిస్తుంది, వర్క్‌స్పేస్‌కి ఒక్క వరుస కూడా రాదు.

అందుకే ఆ పేజీని నమ్మకండి. ఫైర్‌వాల్ అనుమతి ఉన్న మెషీన్ నుంచి కావాలనే తప్పు పాస్‌వర్డ్‌తో లాగిన్ ప్రయత్నించండి, కాసేపాగి వర్క్‌స్పేస్‌లో అజ్యూర్ డయాగ్నస్టిక్స్ టేబుల్‌ని ఆ కేటగిరీతో ఫిల్టర్ చేసి చూడండి. మీ ఐపీ, విఫలమైన లాగిన్ కనిపిస్తే దారి బాగున్నట్టు. ఇంకో మాట, అలర్టులన్నీ "ఏదో జరిగితే చెప్పు" అనే పెడతారు గానీ, ఎప్పుడూ బిజీగా ఉండే సర్వర్ నుంచి గంటసేపు ఏమీ రాకపోతే మోగే అలర్టే నా దృష్టిలో ముందు పెట్టాల్సింది.

అపోహ: ఎంత ఎక్కువ లాగ్ చేస్తే అంత భద్రత.

వాస్తవం: ఎంత ఎక్కువ లాగ్ చేస్తే అంత బిల్లు. డిఫాల్ట్‌గా వచ్చే మూడు ఈవెంట్ గ్రూపుల్లో రెండు లాగిన్‌లవి (ఒకటి సఫలమైనవి, ఒకటి విఫలమైనవి), మూడోది బ్యాచ్ కంప్లీటెడ్, అంటే నడిచిన ప్రతి క్వెరీ, ప్రతి స్టోర్డ్ ప్రొసీజర్ (డేటాబేస్‌లోనే దాచిన కోడ్). వర్క్‌స్పేస్‌లోకి వచ్చే జీబీలకే డబ్బు కట్టేది. పైగా సర్వర్ మీదా, డేటాబేస్ మీదా రెండుచోట్లా ఆన్ చేస్తే అదే ఈవెంట్ రెండుసార్లు వస్తుంది. ఏదో ఒక డేటాబేస్‌కి వేరే గమ్యమో వేరే ఈవెంట్లో కావాల్సి ఉంటే తప్ప సర్వర్ స్థాయి చాలు. బిల్లు చూసి టెన్షన్ పడి డైలీ క్యాప్ (రోజుకు ఇంత డేటాయే అన్న పరిమితి) పెట్టేవాళ్లూ ఉన్నారు, కానీ క్యాప్ తగిలాక మళ్లీ రీసెట్ అయ్యేదాకా సేకరణ ఆగిపోతుంది. దాడి చేసేవాడు ఆ టైమ్‌లోనే వస్తే?

అపోహ: ఎవరు ఏం చేశారో ఆడిట్ లాగ్ చెప్పేస్తుంది.

వాస్తవం: ఏ లాగిన్ చేసిందో చెప్తుంది. అప్లికేషన్ మొత్తం ఒకే సర్వీస్ అకౌంట్‌తో కనెక్ట్ అయితే, వెనకాల వేలమంది యూజర్లున్నా లాగ్‌లో ఆ ఒక్క పేరే, అప్లికేషన్ సర్వర్ ఐపీయే. మనిషి ఎవరో తెలియాలంటే అప్లికేషన్ లాగ్ కూడా అదే వర్క్‌స్పేస్‌కి పంపి టైమ్‌తో కలిపి చూసుకోవాలి (టైమ్ యూటీసీలో ఉంటుందని గుర్తుంచుకోండి). క్వెరీ 4000 అక్షరాలు దాటితే మిగతాది కత్తిరించేస్తుంది. అంతకంటే ఇబ్బంది ఏంటంటే, ఫోన్ నంబరో కార్డు నంబరో క్వెరీలో నేరుగా రాసేసి ఉంటే అది అలాగే లాగ్‌లోకి వచ్చేస్తుంది, వర్క్‌స్పేస్ చదివే అనుమతి ఉన్న ప్రతివాళ్లకీ కనిపిస్తుంది.

అపోహ: లాగ్ వెంటనే వస్తుంది, దాన్నెవరూ చెరపలేరు.

వాస్తవం: రెండూ కాదు. నిమిషాల ఆలస్యం మామూలే. లోడ్ బాగా ఎక్కువైతే కొన్ని ఈవెంట్లు రికార్డు కాకపోవచ్చని మైక్రోసాఫ్టే డాక్యుమెంటేషన్‌లో రాసింది. తగిన అనుమతి ఉంటే వర్క్‌స్పేస్‌లో డేటా పర్జ్ చేయొచ్చు (తుడిచేయొచ్చు) కూడా. చెరగకూడదంటే ఇమ్యూటబుల్ (మార్చలేని, చెరపలేని) పాలసీ ఉన్న స్టోరేజ్‌లో ఇంకో కాపీ పెట్టండి.

అపోహ: ఆడిటింగ్‌లో రిటెన్షన్ (లాగ్ ఎన్నాళ్లు ఉంచాలన్న) రోజులు పెట్టాం, ఇక చూడక్కర్లేదు.

వాస్తవం: ఆ రోజులు స్టోరేజ్ అకౌంట్‌కి మాత్రమే. వర్క్‌స్పేస్ రిటెన్షన్ వేరు, అక్కడ విడిగా మార్చాలి. మామూలుగా 30 రోజులుంటుంది, నేరుగా క్వెరీ చేసుకునేలా 2 ఏళ్ల వరకు, దీర్ఘకాలిక నిల్వతో కలిపి 12 ఏళ్ల వరకు పెంచుకోవచ్చు.