మిషన్ బడిలో టెక్నాలజీ: అపోహలు - వాస్తవాలు

మాది గుంటూరు జిల్లాలో ఒక ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్ మిషన్) ఎలిమెంటరీ స్కూలు. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు. అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులు అడిగేవీ, స్టాఫ్ మీటింగుల్లో మాలో మేం అనుకునేవీ కొన్ని మాటలు ఏటా చెవిన పడుతూనే ఉంటాయి. వాటిలో చాలావరకు అపోహలే.

అపోహ: సిస్టర్లు నడిపే బడి కదా, ప్రార్థనలూ క్రమశిక్షణే తప్ప కంప్యూటర్లూ అవీ వాళ్లకి గిట్టవు.

వాస్తవం: ఈ విషయంలో చర్చి మనం అనుకునేంత వెనకబడి లేదు. వాటికన్ రేడియో 1931లోనే మొదలైంది. దాన్ని ఏర్పాటు చేసింది సాక్షాత్తూ రేడియో ఆవిష్కర్త మార్కోనీ. ప్రసార సాధనాలను ఎలా వాడుకోవాలో రెండో వాటికన్ మహాసభ (ప్రపంచంలోని కేథలిక్ బిషప్పులంతా కూడిన సభ) 1963లోనే విడిగా ఒక డిక్రీ ఇచ్చింది. కార్లో అకుటిస్ సంగతైతే మా పిల్లలకి కంఠతా వచ్చు. దివ్యసత్ప్రసాదానికి (పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పానికి) సంబంధించిన అద్భుతాలను సేకరించి వెబ్‌సైట్ పెట్టిన ఇటలీ కుర్రాడు, 2006లో 15 ఏళ్లకే లుకేమియాతో చనిపోయాడు. 2025 సెప్టెంబర్ 7న పోప్ 14వ లియో అతన్ని పునీతుడిగా ప్రకటించారు. సత్యోపదేశం (మతబోధ) క్లాసులో ఈ కథ చెబితే పిల్లలు ముందుగా అడిగేది, "గేమ్స్ ఆడేవాడా టీచర్?" అనే. ఆడేవాడు, కానీ వారానికి గంటే అని తనకు తానే హద్దు పెట్టుకున్నాడని చెబుతారు. ఈ గంట మాట పిల్లల కంటే తల్లులకి ఎక్కువ నచ్చుతుంది.

అపోహ: స్మార్ట్ బోర్డు ఉంటే చాలు, పాఠం దానంతటదే బుర్రకెక్కుతుంది.

వాస్తవం: అప్పు తెచ్చుకునే తీసివేతనే తీసుకోండి. 42 లోంచి 17 తీయాలి. వీడియోలో ఒక పది ముచ్చటగా విడిపోయి, పది ఒకట్లై పక్క గడిలోకి దొర్లుతుంది. "అర్థమైందా?" అంటే క్లాసంతా "అయ్యింది టీచర్" అని రాగం తీస్తుంది. పలకలు తీయించి చూస్తే చాలామంది 35 వేసి ఉంటారు. 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసేశారన్నమాట. అదే చీపురుపుల్లలు పదేసి రబ్బరు బ్యాండుతో కట్టలు కట్టి చేతికిచ్చి, 17 తీయమనండి. కట్ట విప్పందే పని జరగదు. విప్పిన పిల్లకి ఆ పది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇంకొకరు చెప్పక్కర్లేదు. వీడియో ఆ తర్వాత వేస్తే రెండు మూడు నిమిషాలు సరిపోతుంది. ముందే వేస్తే అది వినోదమే.

అపోహ: టెక్నాలజీ అంటే లక్షల్లో ఖర్చు, మన ఎయిడెడ్ బడులకి అందదు.

వాస్తవం: నా క్లాసులో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఫోన్‌లో ఉండే వాయిస్ రికార్డర్. రెండో తరగతి పిల్ల "గుర్రం"ని "గురం" అని చదువుతుంది. తప్పని నేను చెబితే తల దించుకుంటుంది. అదే రికార్డు చేసి వినిపిస్తే ఫక్కున నవ్వి, వత్తు ఎక్కడ జారిపోయిందో తనే వేలు పెట్టి చూపించి, మళ్లీ చదువుతానని ఫోన్ దగ్గరకి జరుగుతుంది. నలుగురి ముందు బెదిరిపోయే పిల్లలకి ఇది మరీ బాగా పనిచేస్తుంది. వరండాలో ఒక మూల కూర్చుని చదివితే చాలు, తర్వాత ఇద్దరం కలిసి వింటాం. ఆ రోజే డిలీట్ చేసేస్తాను.

ఇక వీడియోలంటారా, 2017లో కేంద్రం తెచ్చిన దీక్ష అనే పాఠాల యాప్‌లో ఉచితంగానే దొరుకుతాయి. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయడమే. డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే బడిలో సిగ్నల్ లేకపోయినా టెన్షన్ లేదు.

అపోహ: ఇప్పుడు అందరి ఇళ్లల్లో స్మార్ట్‌ఫోన్ ఉంది, హోంవర్క్ వాట్సాప్‌లో పెట్టేస్తే సరి.

వాస్తవం: ఫోన్ ఉంది, కానీ అది పిల్లది కాదు. మిరప కోతల రోజుల్లో తెల్లారేసరికి ఫోన్ అమ్మానాన్నలతో పాటు చేనుకి వెళ్లిపోతుంది. చీకటి పడ్డాక ఇంటికొచ్చేసరికి ఛార్జింగ్ ఉండదు, అన్న చేతిలో పడితే ఆ రోజు డేటా కూడా ఉండదు. హోంవర్క్ డైరీలోనే రాయించాలి. గ్రూపు సెలవు కబుర్లకి, మీటింగ్ తేదీలకి చాలు.

అపోహ: ఎంతసేపు చూస్తే అంత నేర్చుకుంటారు.

వాస్తవం: కరోనా కాలంలో, బడులు మూసేసి ఆన్‌లైనే దిక్కైనప్పుడు కూడా కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాలు ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకి రోజుకి రెండు సెషన్లకి మించవద్దన్నాయి. అదీ ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలే. బడి తెరిచి, టీచర్ ఎదురుగా ఉన్నప్పుడు అంత కూడా అక్కర్లేదు.

అపోహ: ఏఐ వచ్చేసింది, ఇక చిన్న తరగతులకి టీచర్ దేనికి?

వాస్తవం: కృత్రిమ మేధ మీద వాటికన్ 2025 జనవరిలో ఒక పత్రం విడుదల చేసింది. టీచర్ ఎదుట ఉండడం వల్ల పిల్లలతో ఏర్పడే బంధాన్ని ఏఐ ఇవ్వలేదని అందులో స్పష్టంగానే ఉంది. నేను మాత్రం ప్రశ్నపత్రాలు తయారుచేసుకోవడానికి వాడతాను. తెలుగులో తప్పులు దొర్లుతుంటాయి కాబట్టి, ప్రింట్ తీసే ముందు అక్షరం అక్షరం చూసుకుంటాను.

అపోహ: పిల్లల ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెడితే బడికి పేరొస్తుంది, అందులో తప్పేముంది?

వాస్తవం: 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. చట్టం సంగతి అటుంచినా, ఇంట్లో గొడవల వల్ల అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. వాళ్లు ఏ ఊళ్లో, ఏ బడిలో ఉన్నారో ఒక్క ఫోటో పదిమందికీ చెప్పేస్తుంది. అడ్మిషన్ ఫారంతో పాటే ఫోటోల గురించి తెలుగులో ఒక కాగితం ఇచ్చి, చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోండి. వద్దన్న వాళ్ల పిల్లలు యానివర్సరీ డ్యాన్సులో ముందు వరసలో ఉన్నా సరే, ఆ ఫోటో బయట పెట్టకూడదు.